ఆ కన్నీళ్ళు నీకోసం కాదంటయ్యా

విన్నావా, నా కళ్ళల్లో తడే లేదంట!

నవ్వకు. ఫొటోలో ఉన్నావు కదా, బుద్ధిగా ఉండు. పొద్దున కళ్ళ డాక్టరమ్మ చెప్పింది. కుట్టుమిషను ముందు కూర్చుంటే చాలు, బుగ్గల మీద ధారలు కారుతున్నాయే, తడి లేకపోవడమేంటమ్మా అన్నాను. "కళ్ళు ఎండిపోయి మండుతున్నాయి పెద్దమ్మా. ఆ మంటకి కారే నీళ్ళవి. కారిపోతాయే గానీ కంటిని తడిగా ఉంచవు" అంది.

మరి పక్కింటి వదినేమో, నీమీద బెంగతో కుమిలిపోతున్నానని వీధంతా చెప్పింది! నేనూ కాదనలేదులే. పోనీ, నీకు ఆ మాత్రం పరువు మిగలనీ అని.

నీ కూతురుంది చూడు, అది నమ్మేసింది. "ఒక్కదానివే ఇట్లా ఏడుస్తూ కూర్చుంటావా? ఆ కుట్టుమిషను అమ్మేసి నాతో వచ్చెయ్" అని ఒకటే పట్టు. వెళ్ళి ఏం చెయ్యను? సోఫాలో కూర్చుని అల్లుడి గురక వినాలా? నీది విన్నది చాలదూ?

అందుకే దాన్నీ ఆస్పత్రికి లాక్కెళ్ళాను. డాక్టరమ్మ నన్ను దొంగని అడిగినట్టు అడిగింది. కుట్టేటప్పుడు రెప్ప వేస్తావా? ఎక్కడమ్మా, రెప్ప వేస్తే చొక్కా కాజా వంకరపోదూ? జలుబు మాత్రలు మింగుతావా? రోజూ. వాటికీ ఎండుతాయంట! వయసు వల్ల కూడానంట. ఆ ముక్క మాత్రం మెల్లగా అంది, మర్యాదస్తురాలు.

చుక్కలు వేసుకో, వేడి గుడ్డ కాపడం పెట్టుకో, మధ్యమధ్య లేచి దూరంగా చూడు, రెప్పలాడించు అంది. మిషను మానక్కర్లేదంది! నీ కూతురి మొహం చూడాలి అప్పుడు. ఇంక అమ్మమన్న మాట ఎత్తితే ఒట్టు.

లేవబోతుంటే ఇంకోటి అడిగింది. "పడుకున్నప్పుడు ఫ్యాను గాలి మొహానికి కొడుతుందా?"

కొడుతుందమ్మా అన్నాను. ఎందుకు కొట్టదు? ఇదివరకు ఆ టేబులు ఫ్యాను గాలికి అడ్డంగా నువ్వుండేవాడివి, బస్తాలాగా. ఇవతల నాకు చెమటలు. ఎంత తిట్టేదాన్నో! నువ్వు పోయాక నీ చోట్లోకి జరిగాను.

గాలి కోసమేనని డాక్టరమ్మతో అన్నాను. కూతురు పక్కనే ఉంది మరి. నీ దగ్గర దాపరికమెందుకు, ఆ గాలికి నాకు చలేస్తుందయ్యా.

ఇందాకే ఫ్యాను గోడవైపు తిప్పేశాను. చోటు మాత్రం మారను. మారమని డాక్టరమ్మ కూడా అనలేదు.