డచెస్ సాక్ష్యం

ఒహాయోలో మాజీ సైనికుల పెన్షన్ దరఖాస్తులు రాసిపెట్టే అమ్మాయి ముందు ముసలాయన దర్జాగా కూర్చున్నాడు. పైవాళ్ళు రెండుసార్లు కాదన్నా, మూడోసారి అడగడానికి ఆయనకేం మొహమాటం లేదు.

"మొక్కల్ని చంపే ఆ మందు తగిలాకే మీకు షుగరొచ్చిందంటే పెన్షనిస్తారు సార్. కానీ యుద్ధమప్పుడు మీరున్న థాయిలాండ్ బేసులో మందు కొట్టింది కంచె వెంబడే. మీరు కంచె దగ్గర తిరిగినట్టు మీ సర్వీసు కాగితాల్లో ఎక్కడా లేదు."

"నా కాగితాల్లో ఉండదమ్మాయ్. ఇదిగో, డచెస్ వైద్యం కాగితాల్లో చూడు."

"డచెస్ ఎవరు?"

"కాపలా కుక్క. ఏడాదిపాటు దాన్ని తిప్పింది నేనే."

"కుక్క వైద్యానికి ఫైలా?"

"మరేమనుకున్నావ్! నాకు ఒళ్ళంతా దద్దుర్లొస్తే చేతిలో మాత్ర పెట్టి పొమ్మన్నారు. దాని కాళ్ళు పుండ్లు పడితే పేజీన్నర రాశారు. చదువు."

"'కంచె పక్కన మందు కొట్టిన గడ్డిలో రోజూ నడిచినందువల్ల పాదాలకు పుండ్లు. వెంట తిరిగే సైనికుడు హాస్కిన్స్.' సార్, ఇది మీ పేరే!"

"కాక ఇంకెవరిది? ఈసారి ఎలా కాదంటారో నేనూ చూస్తా."

"ఒప్పుకోక ఛస్తారా! సరే, సాక్షి పేరు డచెస్. మీకేమవుతుందని రాయను? పెంపుడు కుక్కనా?"

ముసలాయన నిటారుగా కూర్చున్నాడు.

"పెంపుడు కుక్కేంటి? మా దళంలో కుక్క హోదా ఎప్పుడూ దాన్ని తిప్పేవాడికంటే ఒక మెట్టు పైనే. పై అధికారి అని రాయి."