కోచ్ గడ్డి మీద సాకర్ గీతలు

శుక్రవారం పొద్దున చూసేసరికి ఊరి ఫుట్‌బాల్ మైదానం నిండా ఎవరో సాకర్ గీతలు గీసేశారు. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని, బంతి చేత పట్టుకుని పరుగెత్తే ఆట; కాలితో తన్నేది సాకర్. సాయంత్రమే పెద్ద ఆట. ఒహాయోలోని ఆ చిన్న ఊరి షెరీఫూ, ఫుట్‌బాల్ కోచూ గేటు దగ్గర నిలబడిపోయారు.

"మన గీత ఒక్కటీ మిగల్లేదేంటి కోచ్?"

"మధ్యలో గుండ్రం, గోలు ముందు పెట్టెలు. అన్నీ కొలత ప్రకారమే ఉన్నాయి."

"ఆదివారం చర్చి మానినా శుక్రవారం ఆట మానని ఊరయ్యా ఇది. ఇది ఆ సాకర్ జట్టు ఆడపిల్లల పనే. మొన్న మైదానం అడిగితే పొమ్మన్నావుగా."

"అన్నాను. ఆ తన్నులాట నా గడ్డి మీద వద్దు, రాళ్ల బీట్లో ఆడుకోండి అన్నాను."

"బాగా అన్నావు. హెల్మెట్ అక్కర్లేని ఆట కూడా ఆటేనా?"

"ఆ రాళ్ల మీదే నిన్న నా మనవరాలి మోకాలిచిప్ప పగిలింది. వాళ్ల గోల్‌కీపర్ అదే."

"అయ్యో, నాకు తెలీదు. అయితే దాని స్నేహితురాళ్లే కక్షగట్టి..."

"పిల్లల జోలికి పోకు. గేటు తాళం పగలలేదు, చూడు."

"తాళంచెవి నీ దగ్గర తప్ప... కోచ్, నువ్వా?"

"నేనే గీశాను. ఆసుపత్రిలో ఆ పిల్ల నన్నొక్క మాటా అనలేదు, షెరీఫ్. తిట్టి ఉంటే ఈ పని చేసేవాణ్ణి కాదేమో."