బఠాణీ గింజంత రంధ్రం

స్కాట్లండ్‌లో, ఏంగస్ కొండల కింద, పని మానేసిన ఒక రాతిగని, ఫిబ్రవరి ఉదయం. రాతిగోడలు కట్టే ఆర్చీ తండ్రినాటి తుపాకీ పట్టుకుని బోర్లా పడుకున్నాడు, పక్కన అతని మరదలు ఎల్స్పెత్ దుర్భిణిలోంచి వంద అడుగుల అవతలి అట్ట జింకను చూస్తోంది.

“తగిలిందా లేదా, అది చెప్పు ముందు.”

“తగిలింది బావా.”

“చూశావా! నలభై ఏళ్ళ చెయ్యి ఇది. ఎక్కడ తగిలింది?”

“తోక దగ్గర.”

“తోకేమిటి? నేను గురిపెట్టింది ముందుకాలి వెనక, గుండెకి.”

“నువ్వు గుండెకే పెట్టావు. తూటా తోకకి పోయింది. అట్ట జింక కాబట్టి అరవలేదు.”

“గాలి కొట్టింది.”

“ఏ గాలి? ఆ ఎండుగడ్డి పోచ కూడా కదలడం లేదు.”

“అయితే అట్ట వంకరగా నిలబెట్టావు.”

“ఆడలేక మద్దెల ఓడు! ఇంకోటి కొట్టు.”

“చెవులు మూసుకో మరి. ఇది మా నాన్న త్రీ నాట్ త్రీ. దీని ఉరుము వింటే కొండ మీది గొర్రెలు కూడా లేచి నిలబడతాయి... హా! ఇదెక్కడ?”

“పొట్ట.”

“పొట్టా?”

“పొట్టే. గొర్రెలు మాత్రం లేచి నిలబడ్డాయి.”

“నువ్వు పక్కన కూర్చుని గొణుగుతుంటే ఎవడికి గురి కుదురుతుంది?”

“సరే, గొణగను. గెడ్డిస్ దొరసాని ఏమందో అది ఒక్కటే గుర్తు చేస్తాను. వరసగా మూడు తూటాలు, అరచేతితో కప్పేంత చోట పడాలి. ఏ తుపాకీతో అయినా సరే. ఆ అట్ట ఇవాళ మధ్యాహ్నంలోపు తన బల్ల మీద ఉండాలి. లేకపోతే రేపటి నుంచి ఆమె పొలంలో నీకు వేట లేదు, నీ వంతు పోస్ట్‌మాస్టరుకి.”

“పోస్ట్‌మాస్టరుకా! కళ్ళద్దాలు తీస్తే తన పెళ్ళాన్ని గుర్తుపట్టడు వాడు!”

“పెట్టుకునే కాలుస్తాడు బావా. నిన్న వచ్చి మూడూ అరచేతిలో వేసి పోయాడు.”

“ముప్ఫై ఒక్క చలికాలాలు తిరిగాను ఆ పొలంలో. ఆ గోడల్లో ప్రతి రాయీ నన్ను ఎరుగును. ఇప్పుడు ఆ గోడ ఇవతల నిలబడి, వాడు లోపల వేటాడుతుంటే చూడమంటావా?”

“నేనెందుకు అంటాను? అన్నది దొరసాని.”

“అంతా ఆ కాలు విరిగిన జింక వల్ల. అది నేను కొట్టింది కాదని ఎన్నిసార్లు చెప్పాలి?”

“చెప్పావు.”

“పక్క కొండ వాళ్ళెవరో కొట్టి ఉంటారు.”

“ఉంటారు.”

“నువ్వు ‘ఉంటారు’ అంటే ‘లేరు’ అన్నట్టే ఉంటుంది.”

“ఆ రోజు నేను ఊళ్ళో లేను. అక్క జలుబు చేసి మంచంలో ఉంది. నువ్వొక్కడివే వెళ్ళావు. నాకేం తెలుస్తుంది?”

“అదీ! మీ అక్క కూడా రాలేదు ఆ రోజు. మీ అక్క వచ్చిన రోజు నాకు కలిసొస్తుంది, గమనించావా? అలా అని తుపాకీ ముట్టుకునే మనిషి కాదు. చప్పుడంటేనే భయం. బండిలో కూర్చుని మేజోళ్ళు అల్లుకుంటూ ఉంటుంది. అయినా ఆవిడ వచ్చిన రోజు జింక నిలబడ్డ చోటే కూలుతుంది.”

“కలిసొస్తుంది. గమనించాను.”

“కిందటి డిసెంబరు సంగతే చూడు. నువ్వు పక్కనే ఉన్నావుగా?”

“నీ మోచెయ్యి పక్కనే.”

“ఒక్క అడుగు వేసిందా అది? ఉన్నచోటే మడతపడి కూలింది. ఆ తోలు ఇప్పుడు మా పొయ్యి పక్క కుర్చీ మీద ఉంది. రంధ్రం ఎంత? బఠాణీ గింజంత. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపిస్తాను.”

“మా అత్తగారికి మూడుసార్లు చూపించావు.”

“చిటికెన వేలు కూడా దూరదు. తిప్పి చూస్తే రెండో పక్క రంధ్రమే లేదు!”

“అదే నాకూ వింతగా ఉంటుంది. త్రీ నాట్ త్రీ తూటా. జింక చూస్తే మేకంత. అది లోపలే ఆగిపోయిందంటావు?”

“ఎముక అడ్డం వచ్చి ఉంటుంది.”

“ఎముక.”

“గట్టి ఎముక.”

“ఉంటుంది. ఇక మూడోది కొట్టు. ఇటివ్వు, నేను నింపి ఇస్తాను. నువ్వు ఊపిరి నెమ్మదిగా వదులు.”

“నాకు ఊపిరి తీయడం నేర్పుతోంది! నీ పెళ్ళికి ముందు నీకు సైకిలు తొక్కడం నేర్పింది ఎవరు?”

“నువ్వే. గోతిలో పడేశావు. ఇదిగో తుపాకీ.”

“చూస్తూ ఉండు... హమ్మా! అరే! పేలలేదు! కదలకు ఎల్స్పెత్, కదలకు, ఆలస్యంగా పేలుతుందేమో!”

“పేలదు బావా.”

“నీకెలా తెలుసు?”

“అందులో నేను పెట్టింది ఉత్తి తూటా. మందు లేదు.”

“మందు లేదా?”

“చిటికెడు కూడా లేదు. పిల్లి తుమ్మినంత చప్పుడు కూడా రాలేదు. నువ్వు మాత్రం గాడిద తన్నినట్టు భుజం వెనక్కి లాక్కున్నావు, గొట్టం నేలకి పొడిచావు, ‘హమ్మా’ అన్నావు. ఇంకోటి కూడా చేశావు.”

“ఇంకేం చేశాను?”

“కళ్ళు మూసుకున్నావు.”

“నేనా?”

“రెండూ. గట్టిగా. సబ్బు నురగ పడిన పసిపిల్లాడిలా.”

“దొంగమొహమా! ఇంత మోసం చేస్తావా సొంత బావని?”

“మోసం చేసింది నేను కాదు, నీ భుజం. ఎన్నాళ్ళ నుంచి ఇది?”

“ఏది?”

“బావా.”

“టీ ఏమైనా ఉందా?”

“అక్క తెస్తానంది. ఎన్నాళ్ళ నుంచి?”

“మూడేళ్ళు. గోడ పైన పేర్చే కప్పురాయి ఎత్తుతుంటే భుజం పట్టేసింది చూడు, అప్పటి నుంచి. తుపాకీ తన్నిందంటే మెడ దాకా మంట. అది తన్నుతుందని ముందే తెలుసు కదా, ఒళ్ళు దానంతటదే ముడుచుకుంటుంది. నేను చెప్తే వినదు. నలభై ఏళ్ళ రాళ్ళ పని చేసినవాడు ఒక తుపాకీ తన్నుకి భయపడుతున్నాడని ఎవరితో చెప్పుకోను?”

“నాతో చెప్పొచ్చుగా.”

“నీతో చెప్తే మీ అక్కకి తెలుస్తుంది.”

“అది నిజమే.”

“ఎల్స్పెత్.”

“ఊ.”

“ఆ కాలు విరిగిన జింకని మీ కుక్క టాటీ ఎక్కడ పట్టింది?”

“వాగు పక్కన, ముళ్ళపొదలో. మూడో రోజు. ఇంకా బతికే ఉంది బావా. కుక్క దాని మీదికి పోలేదు. దూరంగా నిలబడి మూలిగింది. ఆఖరికి నేను వెళ్ళి కాల్చాల్సి వచ్చింది.”

“వెతికాను. నీకు తెలీదు, చీకటి పడేదాకా వెతికాను. మర్నాడు కూడా పోయాను. నెత్తురు వాగు దాకా కనిపించింది. తర్వాత వాన కడిగేసింది.”

“అయితే పక్క కొండ వాళ్ళు కాదు.”

“పక్క కొండ వాళ్ళు కాదు. నేనే. ఇక నవ్వుకో.”

“నవ్వడం లేదు.”

“దొరసానికి చెప్తావా?”

“నువ్వే చెప్తావు. అట్ట ఒక చేత్తో ఇచ్చి, ఈ మాట కూడా చెప్తావు.”

“ఏ అట్ట? తోకకి ఒకటి, పొట్టకి ఒకటి, నేలకి పొడిచింది ఒకటి. ఇదా అట్ట? పోనీలే. పోస్ట్‌మాస్టరుకే ఇచ్చెయ్యమను. కనీసం వాడు కళ్ళు తెరుచుకుని కాలుస్తాడు.”

“ఆ సంచి ఇటు లాగు.”

“ఏముంది ఇందులో?... ఇదేమిటి? తుపాకీయేనా? జాతరలో బాతు బొమ్మల్ని కొట్టేది కాదూ?”

“టూ టూ త్రీ. తూటా చూడు.”

“పెన్సిలు ముక్కంత ఉంది! దీంతో జింకని కొడతారా? దురదపుట్టి గోక్కుంటుంది.”

“ఎర్ర దుప్పికి వద్దు. చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. మన పొలంలో తిరిగే ఈ మేకంత జింకకి చట్టం ఒప్పుకుంటుంది. ముక్కు మెత్తటి తూటా. లోపలికి పోగానే పువ్వులా విచ్చుకుంటుంది, తన బలమంతా అక్కడే ఖర్చు పెట్టేస్తుంది. చాలాసార్లు రెండో పక్కకి రానే రాదు.”

“మా నాన్న చూస్తే సమాధిలో బోర్లా తిరుగుతాడు.”

“తిరగనీ, వెన్ను నొప్పి తగ్గుతుంది. బావా, జింకకి నీ తుపాకీ ఎంత పెద్దదో తెలీదు. తూటా ఎక్కడ తగిలిందో అదొక్కటే తెలుస్తుంది. పెద్దది పొట్టలో పడితే మూడు రోజులు. చిన్నది గుండెలో పడితే మూడు అడుగులు.”

“అయితే దీనికి తిరుగే లేదంటావు.”

“అననే అనను. దగ్గర నుంచే కొట్టాలి. పక్కకి తిరిగి నిలబడినప్పుడే కొట్టాలి. అడ్డంగా ఒక్క కొమ్మ ఉన్నా, కాస్త గాలి ఉన్నా వదిలెయ్యాలి. కొట్టలేని రోజు ఇంటికొచ్చి బంగాళాదుంపలు తినాలి. ఆ ఓపిక లేనివాడికి ఇది ఇవ్వను.”

“నాకు ఓపిక లేదా? గోడలు కట్టేవాణ్ణి!”

“అందుకే ఇస్తున్నాను.”

“తేలిగ్గా ఉందే. ముక్కున ఈ లావుపాటి గొట్టం ఏమిటి?”

“చప్పుడు మింగేస్తుంది. పక్కన నీ త్రీ నాట్ త్రీ ఉరిమితే ఇది పేలినట్టు కూడా తెలీదు.”

“బుగ్గ ఆనే చోట ఈ ఊలు తొడుగు ఎవరు అల్లారు? ఆకుపచ్చ, మధ్యలో పసుపు గీత. నా మేజోళ్ళ ఊలు లాగుంది.”

“ఊళ్ళో ఊలు కొట్టు ఒకటే కదా బావా.”

“అదీ నిజమే. ఎవరిది ఇది?”

“ఒకావిడది.”

“ఆడమనిషిదా! అదీ సంగతి, అందుకే బొమ్మలా ఉంది.”

“ఆవిడ గురి తప్పడం నేను ఇంతవరకు చూడలేదు. నువ్వు పడుకో. ముందు ఉత్తి తూటాతో రెండుసార్లు. కళ్ళు తెరిచి.”

“తెరిచే ఉంచాను.”

“ఎడమ కన్ను వదిలెయ్, కుడిది తెరువు.”

“తెరిచాను తల్లీ!”

“ఇప్పుడు నిజం తూటా. అట్ట మార్చాను, కొత్తది. ట్రిగ్గరు లాగకు, తడిగోడ మీద ఆఖరి రాయి పెడుతున్నట్టు నొక్కు.”

“తడిగోడ ఏమిటి? మేం సున్నం వాడం. పొడి రాయి మీద పొడి రాయి.”

“ఏదో ఒక రాయి! నొక్కు.”

“... ఇదేనా?”

“ఇదే.”

“పేలిందా?”

“పేలింది. నీ భుజం ఎక్కడుంది?”

“ఉన్నచోటే ఉంది! తన్నలేదు ఎల్స్పెత్! అట్టకి చిల్లు పడటం నాకు కనపడింది. కాలుస్తుంటే కనపడింది!”

“కళ్ళు తెరిస్తే కనపడుతుంది బావా. మాట్లాడకుండా ఇంకో రెండు.”

“...”

“ఊ.”

“... అయింది. చెప్పు. చెప్పవేం? ఎల్స్పెత్, ఎందుకు లేచావు? ఎక్కడికి? ఏమైంది, తోకా?”

“అట్ట తెస్తున్నాను ఉండు... ఇదిగో. చెయ్యి పెట్టు దీని మీద.”

“పెట్టాను. ఏవీ చిల్లులు?”

“నీ చేతి కింద.”

“మూడూనా?”

“మూడూ. ముందుకాలి వెనక. దొరసాని చెయ్యి నీ చేతి కంటే చిన్నది, దాంతో కూడా కప్పొచ్చు.”

“నా వంతు నాకే! పోస్ట్‌మాస్టరు వెళ్ళి ఉత్తరాలు పంచుకోమను!”

“ఆ రెండో మాట కూడా చెప్తావుగా?”

“చెప్తాను. ముందు ఆ మాటే చెప్తాను, తర్వాత అట్ట ఇస్తాను. అలా అయితేనే ఇది చేతిలో పట్టుకోవడానికి సిగ్గుగా ఉండదు.”

“మంచిది. అదిగో, అక్క వస్తోంది టీ పట్టుకుని.”

“నాన్! త్వరగా రా! చెవులు మూసుకోనక్కర్లేదు, అయిపోయింది!”

“మూసుకోలేదు ఆర్చీ. పై నుంచి వింటూనే ఉన్నాను. రెండు ఉరుములు, తర్వాత మూడు తుమ్ములు. తాగు, చల్లారిపోతుంది.”

“ముందు ఈ అట్ట చూడు. మూడూ అరచేతిలో!”

“బాగున్నాయి. కళ్ళు తెరిచి కొట్టావా?”

“అదేం ప్రశ్న? నేనెప్పుడు మూశాను? ఎల్స్పెత్, ఎందుకు నవ్వుతున్నావు?”

“టీ కాలింది బావా.”

“నాన్, ఇక మా నాన్న తుపాకీ పెట్టెలో తాళం వేసి పెట్టేస్తాను. ఇది చూడు, ఎవరో ఒకావిడదట. అడిగి కొనేస్తాను. రేపటి నుంచి కొండ మీద నా చేతిలో ఇదే. నీకేం పనుంది, ఎప్పటిలాగే హాయిగా బండిలో కూర్చుని అల్లుకో.”

“అల్లుకుంటాలే. కానీ ఆర్చీ, నా తుపాకీ నువ్వు పట్టుకుపోతే, డిసెంబరులో లాగా నువ్వు మళ్ళీ కళ్ళు మూసుకున్న రోజు, గోడ వెనక నుంచి ఆ జింకని నేను దేంతో కొట్టను? అల్లికసూదితోనా?”