రాత్రి రెండుసార్లు

ఆకివీడు రైల్వే గేటు పక్కన టీ కొట్టు. చేపల చెరువు కాపలాదారు దేవదానం భార్య కాంతం, ఏలూరు నుంచి బైకు మీద వచ్చిన అనిల్ కుమార్ మాట్లాడుకుంటున్నారు. దేవదానం చేరిన, ప్రోస్టేట్‌కి కొత్త మాత్ర పరీక్షించే ట్రయల్లో కోఆర్డినేటర్ అతను. పగలూ రాత్రీ ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారో రోజూ డైరీలో రాయాలి.

“నిన్న మీరు ఫోన్ చేసినప్పుడే చెప్పాను కదండీ కాంతంగారూ, ఆయన్ని కూడా తీసుకురమ్మని.”

“ఆయన రాలేరండి. డైరీ తెచ్చాను.”

“ఫోనన్నా ఎత్తొచ్చు కదా. రెండు వారాల్నుంచి చేస్తున్నాను.”

“ఆయన ఫోను చెరువులో పడిపోయిందండి.”

“అదా సంగతి. ఏదీ డైరీ... ఇదేంటండీ, తొమ్మిదో తారీఖు నుంచి అంతా ఖాళీ? ఎల్లుండి మందు కంపెనీ వాళ్లు డైరీలు చూడ్డానికొస్తున్నారు. నా మెడకి చుట్టుకుంటుంది.”

“అప్పటిదాకా ఒక్క పూట మానలేదండి. మీరిచ్చిన కొలత గ్లాసు పట్టుకుని గట్టు దిగితే కూలీలంతా నవ్వేవారు. ప్రార్థన మధ్యలో లేచెళ్లినా, వచ్చి రాసుకునేవారు. నమ్మి ఇచ్చారు కాంతం, అబద్ధం రాస్తే పాపం అనేవారు.”

“ఆయన మంచివారే లెండి. ఇప్పుడీ పద్నాలుగు రోజులూ ఎలా? మీరే గుర్తున్నంత—”

“నా రాత కుదరదండి. మీరే రాసెయ్యండి.”

“నేను రాయకూడదండి.”

“మూడో తారీఖున రాశారుగా. లేస్తే కళ్లు తిరుగుతున్నాయని ఆయన రాస్తే, కొట్టేసి, లేదు అని పెట్టారు.”

“అది... వయసుకి ఉంటుందండీ. అలా రాస్తే ట్రయల్లోంచి తీసేస్తారని, ఆయన మంచికే.”

“నేను ఫోన్ చేసి చెప్పాను కూడానండి. గట్టు మీద తూలుతున్నారు, మాత్ర ఆపమంటారా అని. మజ్జిగ ఇమ్మన్నారు.”

“ఇచ్చారా?”

“ఇచ్చానండి.”

“మరింకేం.”

“అయితే డైరీ ఖాళీగానే పట్టుకెళ్లండి.”

“అమ్మో, వద్దు. సరే, ఆయన లెక్క మారేదేముంది. పగలు ఏడు, రాత్రి రెండు... ఒకరోజు మూడు వేద్దాం. అన్నీ ఒకటే అయితే బాగోదు.”

“రాసింది ఒకసారి చదవండి బాబూ.”

“తొమ్మిది, పగలు ఏడుసార్లు, రాత్రి రెండు. పది, పగలు ఆరు, రాత్రి మూడు. పదకొండు, పగలు ఏడు, రాత్రి రెండు. కళ్లు తిరగడం, లేదు. ఇలాగే ఇరవైరెండు దాకా.”

“మీరు ఆయనతో మాట్లాడినట్టు రాసే గడి ఒకటుంది కదండీ?”

“ఆ, ఉంది. పదహారున మాట్లాడాను, బాగానే ఉన్నానన్నారు. చాలా?”

“కింద సంతకం. పేరు పూర్తిగా. ఈ రోజు తేదీ కూడా.”

“మా కంపెనీ వాళ్లకంటే మీరే గట్టిగా ఉన్నారండీ. ఇదిగో.”

“ఏదీ, చూడనివ్వండి... బాగుంది.”

“సంచీలో పెట్టుకుంటున్నారేంటి? ఇలా ఇవ్వండి.”

“ఇవ్వనండి.”

“నవ్వులాటకి టైము లేదు కాంతంగారూ.”

“నాకు నవ్వొచ్చి పద్నాలుగు రోజులైందండి. మీరు మొదట్లో ఇచ్చిన కాగితంలో, ఏ ఇబ్బందొచ్చినా చెప్పుకోమని కమిటీ నంబరుంది. మా అమ్మాయి జాయ్సీ వాళ్లతో మాట్లాడింది. నోటిమాట చాలదమ్మా, రాతలో ఏమన్నా ఉంటే తెమ్మన్నారు. మిమ్మల్ని చూస్తే కడుపు మండిపోతోంది. అయినా అండీ అండీ అంటూ కూర్చున్నానంటే, ఈ రాత మీ చేత్తోనే పడాలని.”

“ఏమైందిప్పుడు? దేవదానంగారు ఎక్కడ?”

“తొమ్మిదో తారీఖు తెల్లారగట్ల లేచి గట్టు మీదకెళ్లి, కళ్లు తిరిగి చెరువులో పడిపోయారండి. పదో తారీఖున చర్చి స్థలంలో భూస్థాపన చేశాం. పదకొండున రాత్రి రెండుసార్లు లేచారని మీరు రాశారు.”