మూడో గోలు పడ్డాక

చెయ్యి తియ్యవయ్యా భుజం మీంచి! నడుస్తున్నానుగా? డెబ్బై ఒక్క ఏళ్ళదాన్ని, మోకాళ్ళు రెండూ అరిగినదాన్ని, ఎక్కడికి పారిపోతాననుకున్నావు? పొద్దున మీ కొండ వీధి ఎక్కడంతోనే సగం ప్రాణం పోయింది. మీ లింకన్ ఊరివాళ్ళకి చర్చి కట్టుకోడానికి కింద చోటే దొరకలేదా?

ఇదిగో, ఈ గేటు దగ్గరే నిలబడతాను. ఆట అయ్యేదాకా కదలను. నా వాళ్ళు లోపలున్నారు. స్టేడియం కాపలావాళ్ళ పసుప్పచ్చ కోటు తొడుక్కున్నంత మాత్రాన నువ్వేం మేజిస్ట్రేటువి కావు.

ఆఁ, తెలుసు. రూలు తెలుసు. యాభై ఏళ్ళుగా మా ఊరు గ్రిమ్స్‌బీ ఫుట్‌బాల్ జట్టు వెంట తిరుగుతున్నదాన్ని, నాకా చెబుతున్నావు? పైఊరివాళ్ళు మీ గ్యాలరీలో కూర్చుంటే నోరు కుట్టేసుకోవాలి. గోలు పడినా కిక్కురుమనకూడదు. అరిస్తే బయటికి. అంతేగా? మరి ఆ టికెట్లు కొన్నది నేనా?

మా అల్లుడు కొన్నాడు. కొత్త అల్లుడు, నా కూతురిది రెండో పెళ్ళి. డంకన్ అని, మీ ఊరివాడే. మంచివాడే, కాదనను. నా కూతురు జనీన్‌ని అపురూపంగా చూసుకుంటాడు. వచ్చే నెల్లో కాపురం ఇక్కడికి మారుస్తున్నారు. మనవరాలు మార్నీని కూడా తెచ్చేసుకుంటారు. తొమ్మిదేళ్ళ పిల్ల. నడక వచ్చినప్పట్నుంచీ మా ఊళ్ళో ఆట ఉన్న ప్రతి శనివారం నా పక్క సీటు దానిదే.

"రెండ్రోజులు సరదాగా రండి అత్తయ్యా, ఊరు చూద్దాం, ఆట చూద్దాం, అందరం ఒక్కచోటే కూర్చుందాం" అన్నాడు. ఒక్కచోటంటే తన చోటని నాకేం తెలుసు!

చర్చిలో ఏం చేశాడో తెలుసా? ఆ స్తంభం పైన రాతి పిల్లదయ్యం ఉందే, మీ జట్టు గుర్తు, దాన్ని చూపించి "అదిగో మార్నీ, మన దయ్యం" అన్నాడు. మన! నాకు ఒళ్ళు మండింది. "దీని జోడుది మా ఊరి చర్చికొచ్చిందిలే నాయనా. దేవదూత పట్టుకుని పిర్ర మీద నాలుగు అంటించింది. ఆ రాతి దయ్యం ఇప్పటికీ పిర్ర చేత్తో పట్టుకునే ఉంది" అన్నాను. పిల్లకి తెలిసిన కథే, అయినా పకపకా నవ్వింది. చర్చి పెద్దాయనెవరో మావైపు గుడ్లురిమి చూశాడు.

బయటికొచ్చాక దానికి మీ ఎర్ర తెల్ల చారల చొక్కా కొనిపెట్టాడు. తొడుక్కుని నావైపు చూసింది. నేనేమన్నాను? "బావుందే" అన్నాను. చచ్చినట్టు అన్నాను.

ఏయ్, ఆ సంచీ ఇలా ఇయ్యి. చేప జాగ్రత్త! మధ్యాహ్నం ఇదే గేటులో నా సంచీ వెతికి ఇదేమిటన్నావు. నడుంనొప్పికి వేణ్ణీళ్ళ సంచి అన్నాను. నమ్మావు. కళ్ళూ తోకా ఉన్న వేణ్ణీళ్ళ సంచి ఎక్కడైనా చూశావటయ్యా? రబ్బరు చేప ఇది. చేపల రేవు కదా మాది, మా ఊళ్ళో వీటిని గాలి ఊది, ఊపుకుంటూ ఆటకెళతాం. ఇది మా ఆయనది. పోయి ఆరేళ్ళయింది. తోక దగ్గర సైకిలు ట్యూబు అతుకు వేసింది ఆయనే.

ఎందుకా నవ్వు? మూడు–ఒకటికే ఇంత గంతులా అనా? అవునయ్యా, మూడు మీరే వేశారు. ఎనభై ఎనిమిదో నిమిషంలో మాదొకటి పడింది. దాంతో మాకు ఒరిగేదేమీ లేదు. అయితే అరవకూడదా?

మీ వాళ్ళంతా గమ్మున కూర్చున్న వేళ "గోల్! మనది! మనది!" అని ఒక్క గొంతు లేచింది. ముందు వరస బట్టతల పెద్దమనిషి వెనక్కి తిరిగి "ఎవర్రా అది? బయటికి గెంటండి" అన్నాడు. నేను చేపని లాగి ఊపాను. గాలి లేని చేప, తడిగుడ్డలా. "నేనే" అన్నాను. నువ్వొచ్చావు. అంతేగా జరిగింది?

పేరు రాసుకుంటావా? రాసుకో. బెరిల్ కాథార్న్. మళ్ళీ ఈ గేటు దాటనివ్వవా? సంతోషం!

ఆగాగు. ఈల వినిపించిందా? అయిపోయింది ఆట. ఇంక ఎవర్నీ లోపల్నించి గెంటలేవుగా? అయితే నిజం చెబుతా, చెవి ఇలా పెట్టు.

అరిచింది నేను కాదు. నోటినిండా మాంసం కూరిన రొట్టె కుక్కుకుని ఎలా అరుస్తానయ్యా? అసలా గోలు నేను చూళ్ళేదు. మీ మూడోది పడ్డప్పుడే తల దించేసుకున్నాను. ఆటా పోయింది, పిల్లా పోయింది అనుకున్నాను. వచ్చే నెలకి ఇది మీదైపోతుంది, ఆ చారలు దీనికి అలవాటైపోతాయి అనుకున్నాను. నేను వదిలేసుకున్నానయ్యా. అది వదల్లేదు. మీ చొక్కా వేసుకుని, మీ సీటెక్కి నిలబడి...

అదిగో, వస్తున్నారు. మొహం చూడు, ఏడ్చినట్టుంది పిచ్చిది. నన్ను పట్టుకుపోయారని. దానికేం చెప్పకు.

ఆ కాగితం మీద పేరు కొట్టెయ్యకు. నాదే ఉండనీ. వచ్చే నెల నుంచి అది ఆ గ్యాలరీలో కూర్చోవాలి. నోరు మూసుకుని కూర్చుంటుందని మాత్రం నేను హామీ ఇవ్వను.