ఉత్త దారం

గద్వాల పక్క ఊళ్లో, విత్తన పత్తి చేన్లో తాత మొగపువ్వును ఆడపువ్వుకు రుద్ది, గుర్తుగా దారం కడుతున్నాడు. హైదరాబాదులో సైన్యానికి డ్రోన్లు చేసే కంపెనీలో పనిచేసే మనవరాలు సంచి దించకుండానే గట్టు మీద నిలబడింది.

“గింత పొద్దుగాల వచ్చినవ్, నౌకరి పోయిందా ఏంది?”

“పోయేటట్టే ఉంది తాతా. డ్రోన్ల లోపలి సామాను మనతోని కయ్యమాడే దేశంకెల్లి వస్తది, వాళ్లు అనుకుంటే గాల్లనే బంద్ చెయ్యొచ్చు. బ్లేడుతోని ఆ పేరు గీకి, మన దేశం స్టిక్కర్ అతికియ్యమన్నరు. నేను అతికియ్యనన్న. సోమారం లోపల మాఫీ అడుగు, లేకుంటే రాకన్నరు.”

“స్టిక్కరే గద బిడ్డా. నువ్వేమన్న హరిశ్చంద్రుని మనవరాలివా?”

“కాదు, నీ మనవరాల్ని. చిన్నప్పుడు పువ్వు రుద్దకుండ దారం కట్టిననని సాలు మొత్తం ఇప్పిచ్చినవ్ గద. దారమే గద అని ఇడిసిపెట్టినవా?”

తాత చేతిలో పువ్వు ఆగింది.

“ఉత్త దారం కడితే కాయ రాలిపోతది బిడ్డా.”

“గాడ రాలేది కాయలు గాదు తాతా, సరిహద్దుల ఉన్న పిలగాండ్లు.”

తాత కండువాతో చేతులు తుడుచుకుని గట్టెక్కాడు.

“మరి మాఫీ అడుగుతవా?”

“అడగ. మిల్ట్రీ ఆఫీసర్లకు కాయితం రాసిన. కింద నా పేరు పెట్టిన.”

“ఊరి పేరు గూడ పెట్టు. విత్తనం యాడిదో తెల్వాలె.”