తలుపు పట్టాలో మిరపగింజలు

"తాతయ్యా, వ్యాను తలుపు కిర్రుమంటోంది, అది జరిగే పట్టాకి గ్రీజు పూయనా?" అంటావా? ముందు ఆ డబ్బా కింద పెట్టమ్మా కీర్తనా. పెట్టావా? స్తోత్రం. ఇట్టా వచ్చి కూర్చో. ఫోన్లో రికార్డు చేస్కుంటావా, చేస్కో. వినేవాళ్లుంటే నాకింకా హుషారు.

అసలీ తలుపు దేన్ని పట్టుకుని నిలబడిందో ఎప్పుడైనా చూశావా? పాతికేళ్లుగా చూస్తన్నా, నాకిప్పటికీ వింతే. పైనొక చక్రం, కిందొక చక్రం, నడుమ ఇదిగో, ఈ బయటి పట్టాలో ఇంకోటి. రేగ్గాయంత ఉంటదా? సగం బరువు దానిమీదే. తీస్తే ముందు ఇంత బయటికొచ్చుద్ది, అప్పుడు వెనక్కి జరుగుద్ది. పెద్దమనిషికి దారిచ్చినట్టు!

గ్రీజెందుకు వద్దన్నానో చెప్తా విను. ఆ ఏడు నువ్వింకా పుట్టలా... కాదు కాదు, పుట్టావు, పాకుతున్నావు. మీ నానమ్మకి మోకాళ్లు పట్టేసి నాలుగు నెలలు చర్చికి రాలా. ఆటో ఎక్కలేదు. ఈ తలుపైతే వెడల్పు, మెట్టు కిందకి ఉంటది. వ్యాను మన సంఘానిదే, నడిపేది నేను. "ఈసారి ప్రభువు బల్లకి పాక్కుంటూ అయినా వస్తా" అంది.

సరే, మెత్తగా జరగాలని శనివారం పొద్దున పట్టానిండా గ్రీజు దట్టించా. పప్పులో నెయ్యి ఎక్కువైతే నష్టమేంటి అనుకున్నా! సాయంత్రం కల్లం నుంచి అదే వ్యాన్లో మిరపకాయల బస్తాలు తోలా. ఆ ఏడు కాయ ధర బాగుందిలే, అది వేరే కత. ఒక బస్తా పిగిలింది. ఆదివారం మీ నానమ్మని ఎక్కించి, తలుపు బిగుతుగా ఉంటే, గట్టిగా తోసి మూశా.

చర్చి ముందు ఆపి లాగితే రాదే! నలుగురు లాగారు, రాదు. ముందు సీటు దాటి దిగుదామంటే ఆమెకి మోకాళ్లు వంగవు. కుర్రాళ్లు "ఏం మామా, అత్తని లాకర్లో పెట్టావా?" అని నవ్వు. నేను తలగుడ్డ తీసి, కళ్లు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నా. లోపల్నించి మీ నానమ్మ కేక: "కళ్లు తెరువయ్యా! దేవుడు చూస్తానే ఉన్నాడు, నువ్వు పట్టా చూడు!"

చూస్తే ఏముంది? గ్రీజులో గింజలు, కారం, గాలికొచ్చిన దూది... రోటిపచ్చడే! చక్రం అందులో కూరుకుపోయింది. పాస్టరు గారొచ్చి, "బల్ల మొదలెట్టాలి, రొట్టె, ద్రాక్షరసం కిటికీలోంచి అందిస్తానమ్మా" అన్నారు. "వద్దండి అయ్యగారూ. మీరు ఇంటికి తెస్తానన్నా వద్దన్నాను కదండీ. అందరితో కూర్చోటానికొచ్చా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. గ్రీజు పూసింది నేనేగా.

అప్పుడు తల్లో పిన్ను తీసి కిటికీ సందులోంచి ఇచ్చింది. నలభై ఏళ్లు కల్లాల్లో తాలుకాయలు ఏరిన చెయ్యి కదా. "కెలక్కు. కెలికితే లోపలికి పోతయ్. పైగింజ ముందు. ఒక్కోటీ." ఆమె చెప్తంది, నేను ఏరతన్నా. ఘాటుకి ఒకటే తుమ్ములు. పాస్టరు గారు ప్రార్థనలో మూడుసార్లు తుమ్మారు, మాకోసం ఇంకో పాట పాడించారు. పాట ఆఖరి చరణంలో ఉండగా, గుడ్డని డీజిల్లో ముంచి తుడిచి లాగా.

జరిగిందమ్మా!

నా భుజం పట్టుకుని దిగింది. వరసలో ఆఖరిది, అయినా అందరితోనే.

సోమవారం చక్రం విప్పితే ఒకపక్క అరిగిపోయి ఉంది. గుంటూరెళ్లి కొత్తది తెచ్చి వేశా. అప్పట్నించీ పట్టాకి పొడిగుడ్డే. చక్రం ఇరుసుకి ఒక్క చుక్క నూనె, అంతే.

ఇదిగో, ఆ పిన్నే ఇది. తీస్కో. రేపు బల్ల ఆదివారం, మీ నానమ్మ ఇప్పుడే చీర తీసి పెట్టుకుంది. ఆ కిర్రుమనేచోట చూడు, ఏముంది? గింజా? చూశావా మరి!

నీ చెయ్యి చల్లగుండాలి తల్లీ. నువ్వెళ్లాల్సిన చోటికి చేరాక ఏ తలుపూ నిన్ను లోపలే ఉంచేయకూడదు... ఆఁ, నెమ్మది. కెలక్కు. పైది ముందు...